గైడ్ల దారం మీద ఎపాక్సీ పూసేటప్పుడు

వరంగల్ ఎండల్లో ఫిషింగ్ రాడ్ కట్టుకునేటోళ్లు, గైడ్లను (గాలం దారం పోయే రింగులను) రాడ్‌కు కట్టిన దారం మీద పూసే ఎపాక్సీని, అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపిన పూతను, కప్పులోనే ఉంచకండి. దాని వేడికే అది తొందరగా చిక్కబడుతది. అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగ పరిస్తే వేడి పోతది, బుడగలు కూడా పైకొచ్చి పగులుతయ్. రెసిన్‌కు, హార్డెనర్‌కు వేరువేరు సిరంజీలు పెట్టుకొని డబ్బా మీద రాసిన పాళ్లల్లనే తీయండి. అందాజగ పోస్తే పూత జిగటగనే ఉండిపోతది.

మొదటి పూత దారం తాగేంత చాలు. గైడ్ కాలుకు (రాడ్‌కు ఆని దారం కింద ఉండే భాగానికి) అటు ఇటు, దారం కింద సన్నటి సందు ఉంటది చూడండి, గాలి దాక్కునేది అక్కడ్నే. బ్రష్ కొసతోని అందులకు ఎపాక్సీని తోసి, అది గట్టిపడేదాక రాడ్‌ను మెల్లగ తిప్పుతనే ఉండాలె, లేకుంటే ఒక్కదిక్కే జారి గడ్డ కడుతది. ముసురు పట్టిన రోజు మాత్రం ఈ పని పెట్టుకోకండి, తేమకు పూత మసకబారుతది.