కిడ్నీ మార్పిడి తర్వాత మతిమరుపు: డిశ్చార్జికి ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

కిడ్నీ మార్పిడి అయిన మనిషి ఇంటికొస్తున్నాడంటే గది కడిగిస్తారు, మాస్కులు కొంటారు, చుట్టాలను కొన్నాళ్లు రావద్దంటారు. మతిమరుపు సంగతి మాత్రం ఎవరూ ముందుగా మాట్లాడుకోరు. అడిగిందే మళ్లీ అడగడం, చిన్న లెక్క తప్పడం, పేపర్లో వార్త సగం చదివేసరికి మొదలు గుర్తులేకపోవడం మొదటి నెలల్లో చాలామందిలో ఉంటుంది. కిడ్నీలు చెడిపోయి గడిపిన ఏళ్లు, డయాలసిస్, బీపీ, షుగర్ మెదడు మీద అప్పటికే ప్రభావం చూపి ఉంటాయి. కొత్త కిడ్నీ కుదురుకున్నాక చాలావరకు తేటపడుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది. పైగా శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు వల్ల చేతులు వణకడం, తలనొప్పి రావచ్చు. స్టెరాయిడ్ వల్ల చిరాకు వస్తుంది, నిద్ర చెడుతుంది. అందుకే స్టెరాయిడ్‌ను సాధారణంగా పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమంటారు.

చిక్కంతా ఇక్కడే. మతి నిలకడ లేని ఈ రోజుల్లోనే మాత్రలు ఎన్నడూ లేనంత కచ్చితంగా పడాలి. మామూలు రకం టాక్రోలిమస్ 12 గంటలకోసారి వేసుకోవాలి. రక్తంలో అది తగ్గితే శరీరం కిడ్నీని తిప్పికొడుతుంది, పెరిగితే ఆ కిడ్నీయే దెబ్బతింటుంది. కాబట్టి మాత్రల లెక్క పేషెంటు తలలో పెట్టకండి. వారానికి సరిపడా గళ్ల డబ్బా కొని, మాత్రలను రేకులోంచి తీయకుండా కత్తెరతో కత్తిరించి గళ్లలో వేయండి. 0.5, 1 మిల్లీగ్రాముల టాక్రోలిమస్ క్యాప్సూల్స్ కలిసిపోకుండా చూసుకోండి. ఫోన్ అలారం ఒక్కటే చాలదు. నిద్రమత్తులో దాన్ని ఆపేసి, వేసుకున్నానా లేదా అని అరగంట ఆలోచించేవాళ్లున్నారు. ఖాళీ రేకును ఒక గిన్నెలో వేయడం అలవాటు చేస్తే ఆ అనుమానం తీరుతుంది. అనుమానంతో రెండోసారి మాత్రం వేయకండి. పూట తప్పితే ఏం చేయాలో డిశ్చార్జి రోజే హాస్పిటల్లోని మార్పిడి కోఆర్డినేటర్‌ని అడిగి రాసుకోండి. హాస్పిటల్లో ఉన్నప్పుడే ఒకటి రెండు రోజులు మాత్రలు మీరే తీసి ఇవ్వండి, నర్సును చూస్తుండమనండి.

రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే లెవెల్ టెస్టు రోజున పొద్దుటి టాక్రోలిమస్ రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. అలవాటు కొద్దీ ముందే మింగేస్తారు. ముందురోజు రాత్రే ఆ పొద్దుటి మాత్ర తీసి ల్యాబుకి తీసుకెళ్లే సంచిలో పెట్టేస్తే సరి.

మతిమరుపు అనగానే ఎవరో ఒకరు సరస్వతి లేహ్యం, ఇమ్యూనిటీకని తిప్పతీగ కషాయం పట్టుకొస్తారు. ప్రేమతోనే తెస్తారు కానీ ఇక్కడ డాక్టర్లు ఇమ్యూనిటీని కావాలనే అణచి ఉంచారు. చేతికి పుచ్చుకుని, వాడకుండా పక్కన పెట్టేయండి. పంపర పనస వద్దు, అది టాక్రోలిమస్‌ను పెంచుతుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లూకొనజోల్ కూడా అంతే. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దాన్ని బాగా తగ్గించేస్తుంది. వేరే డాక్టర్ ఏ మందు రాసినా, షాపులో బ్రాండ్ మార్చి ఇస్తామన్నా ముందు మార్పిడి టీమ్‌కి ఫోన్ చేయండి. విరేచనాలు పట్టుకున్నా ఆలస్యం చేయకుండా చెప్పండి, అప్పుడూ లెవెల్ పెరగొచ్చు.

బండి నడపడానికి డాక్టర్ సరే అనేదాకా ఆగాలి. బ్యాంకు పనులు, ఓటీపీలు కొన్నాళ్లు ఇంకొకరు చూసుకోవడం నయం.

అమ్మో భార్యో కిడ్నీ ఇచ్చిన ఇళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. ‘అంత త్యాగం చేశారు, ఇంకా బాగాలేదని ఎలా అనను’ అని పేషెంటు నోరు మెదపడు. ఇంట్లోవాళ్లేమో బద్ధకం అనుకుంటారు. అతన్ని పరీక్షించినట్టు ప్రశ్నలు వేయకుండా, గమనించినవి ఒక నోట్‌బుక్‌లో రాసి చెకప్‌లో డాక్టర్‌కి చూపించండి. దిగులు, థైరాయిడ్, బీ12 లోపం, మెగ్నీషియం తగ్గడం లాంటివి కారణమైతే చికిత్స ఉంది.

నెమ్మదిగా వచ్చే మరపు వేరు, ఉన్నట్టుండి తికమకపడటం వేరు. మాట తడబడినా, చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఈ మందుల మీద ఉన్నవాళ్లకు లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం పెద్దగా రాకపోవచ్చు. మాత్రల డబ్బా, చివరి లెవెల్ రిపోర్టు తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్లి, మార్పిడి అయిన పేషెంటని మొదటి మాటగా చెప్పండి.