ఒంటికి పోతుంటే మంట: వేడా, ఇన్ఫెక్షనా ఎలా తేల్చుకోవాలి?

రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు వైపు ఒంటికి పోయేటప్పుడు చురుక్కుమంటే అందరూ అనే మాట ఒకటే: "వేడి చేసింది". కొన్నిసార్లు అది నిజమే. చెమటతో నీళ్లన్నీ పోయి మూత్రం చిక్కబడితే మంట పుడుతుంది. కానీ మూత్రాశయంలో సూక్ష్మజీవులు చేరినా మంట అలాగే ఉంటుంది. ఎక్కువగా ఆ పని చేసేది మన పేగుల్లోనే ఉండే ఈ.కొలై. ఆడవాళ్ల మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లకు 20 దాకా ఉంటుంది. ఆడవాళ్లకే ఈ బాధ ఎక్కువ కావడానికి ముఖ్య కారణం అదే.

ముందుగా: ఎవరు ఇంట్లో ఆగకూడదు

చలితో జ్వరం, నడుము పైభాగంలో ఒక పక్క పోటు, వాంతులు, మూత్రంలో రక్తం, మూత్రం అసలు రాకపోవడం: వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, షుగరు ఉన్నవాళ్లు, మగవాళ్లు కూడా ఇంటి చిట్కాలతో కాలం గడపకూడదు. కిడ్నీ, గుండె జబ్బులకు నీళ్లు కొలిచి తాగమని డాక్టరు చెప్పి ఉంటే కింది నీళ్ల పరీక్ష మీకు కాదు.

1. సగం రోజు నీళ్ల పరీక్ష

అరగంటకో గ్లాసు చొప్పున రెండు గంటల్లో లీటరు తాగండి. ఒక్కసారిగా గుక్కపట్టి తాగితే లాభం లేదు. ఆ తర్వాత దాహాన్ని బట్టి తాగుతూ, మూత్రం రంగు చూడండి. ముదురు పసుపు నుంచి లేత రంగుకు వచ్చేసరికి మంట కూడా పోతే అది వేడే. రంగు తేలికపడినా మంట అలాగే ఉండి, పది నిమిషాలకోసారి పరుగెత్తినా నాలుగు చుక్కలే వస్తూ, మూత్రం మబ్బుగా ఉంటే ఇన్ఫెక్షన్ అనుకోవాలి. బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఎన్ని నీళ్లు తాగినా రంగు పచ్చగానే ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు.

ఏ నీళ్లన్నదీ ముఖ్యమే. కనిగిరి వైపు చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు, మరిగించినా అది పోదు. మూత్రంలో మంటకు ఫ్లోరైడ్ కారణం కాదు గానీ, నీళ్లు ఎక్కువ తాగాల్సిన రోజుల్లో శుద్ధి చేసినవే తాగాలి.

బార్లీ కాచాలంటే లీటరు నీళ్లలో రెండు చెంచాల గింజలు వేసి 25 నిమిషాలు సన్నటి మంట మీద ఉడికించి, వడగట్టి, మజ్జిగ కలుపుకోండి. పల్చటి మజ్జిగ, సబ్జా, బోండాం నీళ్లు కూడా మంచివే. కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లు మాత్రం బోండాం జోలికి పోకూడదు, అందులో పొటాషియం ఎక్కువ. కాలి బొటనవేలికి తడి సున్నం రాస్తే నష్టం లేదు, సూక్ష్మజీవులు మాత్రం చావవు. మందుల షాపులో ఇచ్చే సిట్రేట్ సిరప్ సంగతీ అంతే. మంట తగ్గిస్తుంది, జబ్బును కాదు. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు డైక్లోఫినాక్ లాంటివి వేసుకుంటే కిడ్నీకి దెబ్బ.

2. శాంపిల్ సరిగా పట్టడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుని, తగ్గకపోతే అప్పుడు ల్యాబుకు వెళ్తారు. సూక్ష్మజీవులు సగం చచ్చి ఉంటాయి కాబట్టి కల్చర్‌లో (మూత్రంలోని సూక్ష్మజీవులను ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. శాంపిల్ ఇచ్చాకే మొదటి మాత్ర.

ల్యాబు ఇచ్చిన స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) డబ్బానే వాడండి. ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. పొద్దున్నే వచ్చే మొదటి మూత్రమైతే మేలు. చేతులు సబ్బుతో కడుక్కుని, కింద మామూలు నీళ్లతో శుభ్రం చేసుకోండి. ఆడవాళ్లు ఒక చేత్తో మడతలు విడదీసి పట్టుకోవాలి, మగవాళ్లు ముందు చర్మం వెనక్కి లాగాలి. మొదటి ధార వదిలేసి, ధార ఆపకుండానే మధ్యలో డబ్బా పెట్టి 20-30 మిల్లీలీటర్లు పట్టాలి. చివరిది వదిలేయాలి. వేలు డబ్బా లోపలికి గానీ మూత లోపలికి గానీ తగలకూడదు.

గంటలోపు ల్యాబుకు చేర్చండి. అనుకూలమైన వేడిలో ఈ.కొలై సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఆ లెక్కన రెండు గంటల బస్సు ప్రయాణంలో 64 రెట్లు! ఊరు దూరమైతే టిఫిన్ డబ్బాలో ఐసు గడ్డల మధ్య పెట్టుకెళ్లండి. ఫ్రిజ్‌లో అయితే 24 గంటల వరకు ఆగొచ్చు, గడ్డకట్టే అరలో మాత్రం పెట్టొద్దు.

మామూలు మూత్ర పరీక్ష అదే రోజు వస్తుంది, కల్చర్‌కు రెండు మూడు రోజులు. కల్చర్‌లో మూడు నాలుగు రకాలు కలిసి పెరిగాయంటే అది శాంపిల్ పట్టడంలో జరిగిన తప్పే కావచ్చు, మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. మందుల పట్టికలో 'ఎస్' ఉన్నవి పనిచేసేవి, 'ఆర్' ఉన్నవి పనిచేయనివి.

3. మందు

మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు డాక్టర్లు తరచుగా రాసేవి నైట్రోఫురాంటోయిన్ 5 రోజులు, లేదా 3 గ్రాముల ఫాస్ఫోమైసిన్ పొడి ఒకే డోసు. మొదటిది అన్నం తిన్నాక వేసుకోవాలి. మూత్రం గోధుమ రంగులో వస్తే భయపడొద్దు, అది మందు రంగే. కిడ్నీ జబ్బు, నెలలు నిండిన గర్భం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. సిట్రేట్ సిరప్ తాగుతున్నా చెప్పండి, మూత్రం క్షారంగా మారితే నైట్రోఫురాంటోయిన్ బలం తగ్గుతుంది. రెండో రోజుకే మంట పోయినా రాసినన్ని రోజులూ వాడాలి. రెండు రోజులైనా తగ్గకపోతే కల్చర్ రిపోర్టుతో మళ్లీ వెళ్లాలి.

4. మళ్లీ రాకుండా

నాట్లకు, పొగాకు గ్రేడింగుకు పోయే ఆడవాళ్లు చాటు లేదని పొద్దున్నుంచీ నీళ్లు తాగరు, వచ్చినా ఆపుకుంటారు. ఇది వాళ్ల నిర్లక్ష్యం కాదు, పనిచోట మరుగుదొడ్డి లేకపోవడం. వీలైనంతలో బయల్దేరే ముందు, మధ్యాహ్నం అన్నం వేళ, ఇంటికి రాగానే ఒంటికి పోవాలి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, నీళ్లు తక్కువ తాగే అలవాటుండి ఇన్ఫెక్షన్ తిరగబెడుతున్న ఆడవాళ్లు రోజుకు లీటరున్నర అదనంగా తాగితే అది తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది.

కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి. లోపల డెట్టాల్, సబ్బు వాడొద్దు. కలయిక తర్వాత ఒంటికి పోయి రావడం మేలు. ముట్లుడిగినవాళ్లకు తరచూ వస్తుంటే లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీము గురించి డాక్టరును అడగండి.

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే షుగరు పరీక్ష, రాళ్ల కోసం స్కానింగ్ అవసరం పడొచ్చు. వెళ్లేటప్పుడు పాత కల్చర్ కాగితాలు తేదీల వారీగా పెట్టుకుని, ఇదివరకు వాడిన మాత్రల అట్టలు కూడా తీసుకెళ్లండి.