చుక్క ఎప్పుడు వాక్యాంతం? బహుభాషా పాఠ్యాన్ని వాక్యాలుగా విడదీసే విధానం

పాఠ్యాన్ని అనువదించే సాఫ్ట్‌వేరైనా, చదివి వినిపించే సాఫ్ట్‌వేరైనా ముందుగా దాన్ని వాక్యాలుగా విడదీసుకుంటుంది. అక్కడ తప్పు జరిగితే తర్వాతి దశలు దాన్ని సరిదిద్దలేవు. తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు కలిసి వచ్చే పాఠ్యానికి ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకొని రాసిన నియమాలను యథాతథంగా వాడితే తెలుగు వాక్యాలు బాగా దెబ్బతింటాయి. వాటిని కాపాడుకునే క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మూల పాఠ్యాన్ని ముట్టుకోకుండా ఉంచి, పోలికల కోసం ఒక నకలు తయారు చేసుకోవాలి. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ నిల్వ చేయవచ్చు. పొల్లు తర్వాత పక్క అక్షరంతో కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం తరచుగా చేరుతుంది. తెరపై ఒకేలా కనిపించే రెండు "ఎన్."లు యంత్రానికి వేర్వేరు మాటలు కాకూడదంటే, నకలును ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరీతి యూనికోడ్ రూపంలోకి మార్చి, ఆ అదృశ్య సంకేతాన్ని తొలగించాలి. నకలులోని ప్రతి స్థానం మూలంలో ఎక్కడిదో కూడా నమోదు చేసుకోవాలి.

తర్వాత ప్రతి పేరా ఏ లిపిలో ఉందో చూడాలి. హిందీ, బెంగాలీలలోని ఖడీ పాయీ (।), చైనీస్, జపనీస్ భాషల్లోని చిన్న సున్న, ఉర్దూలోని అడ్డగీత వంటి గుర్తు దాదాపు ఎప్పుడూ వాక్యాంతాన్నే సూచిస్తాయి కాబట్టి వాటితో పెద్దగా ఇబ్బంది ఉండదు. తెలుగు పద్యాలు, శ్లోకాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. "॥ 12 ॥" అన్నప్పుడు సంఖ్యకు ముందున్న జంట గీత దగ్గర తెంచితే శ్లోకం సంఖ్య ఒంటరిగా మిగిలిపోతుంది. థాయ్ భాషలో అసలు వాక్యాంత చిహ్నమే వాడరు. పదబంధాల మధ్య వచ్చే ఖాళీయే అక్కడ వాక్యాల మధ్య కూడా వస్తుంది కాబట్టి నియమాలకు బదులు ఉదాహరణల నుంచి నేర్చుకున్న యంత్ర నమూనాను (మోడల్) ఆశ్రయించాలి.

అసలు చిక్కు చుక్కతోనే. పాఠ్య విభజనను నిర్దేశించే యూనికోడ్ 29వ అనుబంధం ప్రకారం చుక్క వెంటనే అంకె వచ్చినా, చుక్క తర్వాత ఇంగ్లీషు చిన్న అక్షరం వచ్చినా వాక్యాన్ని తెంచకూడదు. రెండో నియమం ఇంగ్లీషుకు ఎంతో మేలు చేస్తుంది. జర్మన్‌లో నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతోనే మొదలవుతాయి కనుక దాని బలం తగ్గుతుంది. పెద్దా చిన్నా అక్షరాల భేదమే లేని తెలుగుకు అది ఏ మాత్రం ఉపయోగపడదు. అందుకే ఆ నియమాలనే నమ్ముకుంటే "పి.వి. నరసింహారావు" మూడు ముక్కలవుతుంది. "రూ.500" నిలుస్తుంది కానీ మధ్యలో ఖాళీ వదిలిన "రూ. 500" తెగిపోతుంది.

కాబట్టి తెలుగుకు సంక్షిప్త రూపాల జాబితాను మనమే కూర్చుకోవాలి, దాన్ని మూడు భాగాలుగా ఉంచుకోవాలి. మొదటిది పొడి అక్షరాలది. ఇంగ్లీషు అక్షరాల పేర్లు ఇరవై ఆరే అయినా, టి–టీ, ఎమ్–ఎం వంటి రూపభేదాలన్నీ చేర్చాలి. "నిమ్మలో ఉండేది విటమిన్ సి." వంటి వాక్యాల కోసం ముందు మాట విటమిన్, గ్రూపు, సెక్షన్ వంటిదేమో చూసి, అలాంటిదైతే తెంచాలి. రెండో భాగంలో డా., ప్రొ., రూ., క్రీ.శ. వంటివి ఉంటాయి. వీటి తర్వాత మరో మాటో సంఖ్యో తప్పక రావాలి కనుక ఇక్కడ ఎప్పుడూ తెంచకూడదు. మూడో భాగంలోని కి.మీ., కి.గ్రా., గం. వంటివి సంఖ్య తర్వాత వచ్చి, కొన్నిసార్లు వాక్యాన్ని కూడా ముగిస్తాయి. "ఊరు ఇక్కడికి 5 కి.మీ." అన్నది క్రియ లేకున్నా పూర్తి వాక్యమే. ఇలాంటి చోట తర్వాతి మాట "దూరం", "వేగం" వంటిదైతే కలిపి ఉంచి, లేకపోతే తెంచడం నాకు సబబుగా తోస్తుంది.

ఆన్‌లైన్ రాతల్లో "వచ్చాడు.తర్వాత" అని ఖాళీ లేకుండా రాయడం మామూలే. చుక్కకు ముందున్న మాట జాబితాలో లేకపోయి, -ాడు, -ింది, -ారు వంటి క్రియాంతంతో ముగిస్తే ఖాళీ లేకపోయినా తెంచవచ్చు.

సంభాషణలకు మరో నియమం కావాలి. "ఎప్పుడు వచ్చావు?" అని అడిగింది అన్నప్పుడు ప్రశ్నార్థకం దగ్గర వాక్యం ముగియదు. వాక్యాంత చిహ్నం తర్వాతి మాట అని, అంటూ, అనే, అన్నాడు, అంది వంటిదైతే తెంచకూడదు. అయితే మాట మొత్తాన్నీ పోల్చాలి. మొదటి అక్షరాలతో సరిపెట్టుకుంటే "ఎవరు వచ్చారు? అనిల్ వచ్చాడు." అన్న రెండు వాక్యాలు ఒకటైపోతాయి.

జాబితాలను చేత్తో కూర్చడం భారమనిపిస్తే, కిస్, స్ట్రంక్ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన పంక్ట్ పద్ధతి ఉంది. ఏ మాట పక్కన చుక్క అసాధారణంగా తరచుగా వస్తుందో లెక్కించి, వాక్యాంతాలను మనుషులు ముందుగా గుర్తించి పెట్టని పాఠ్యం నుంచే అది సంక్షిప్త రూపాలను కనుగొంటుంది. తెలుగు వాక్యాలు ఎక్కువగా క్రియతో ముగుస్తాయి కాబట్టి కొన్ని క్రియలు కూడా చుక్కతో గట్టిగా ముడిపడతాయి. అందువల్ల ఆ పద్ధతి ఇచ్చే జాబితాను మనిషి ఒకసారి వడపోయాలి. 2023లో వెలువడిన డబ్ల్యూటీపీ అనే యంత్ర నమూనా పేరా విరుపుల నుంచి నేర్చుకుని, తెలుగుతో సహా 85 భాషల్లో విరామ చిహ్నాలు లేని పాఠ్యాన్ని కూడా విడదీస్తుంది. మాట్లాడినదాన్ని యంత్రం రాతగా మార్చిన పాఠ్యానికి నేను దాన్నే ఎంచుకుంటాను. వార్తలకు, ప్రభుత్వ ఉత్తర్వులకు మాత్రం తప్పు ఎక్కడ జరిగిందో చూపగల నియమాలనే ఇష్టపడతాను.

చివరగా పరీక్షించాలి. చాలా చుక్కలు నిజంగానే వాక్యాంతాలు కనుక, చుక్క కనిపించిన ప్రతిచోటా తెంచే ప్రోగ్రాముకు కూడా మంచి మార్కులే వస్తాయి. అందువల్ల చేత్తో గుర్తించిన నమూనా పాఠ్యంలో పొడి అక్షరాలు, డబ్బు, కొలతలు, సంభాషణలు తగినన్ని ఉండేలా చూసుకుని, అనవసరంగా తెంచినవాటినీ తెంచకుండా వదిలినవాటినీ ఒక్కో భాషకు వేరువేరుగా లెక్కించాలి.