మసాలా పట్టించకముందే పిల్లి వాటా తీసెయ్యండి: ఇంట్లో చేసుకునే క్యాట్ ట్రీట్స్

ఆదివారం చికెన్ తెచ్చుకునే ఇల్లయితే పిల్లి ట్రీట్స్ కోసం వేరే ఏమీ కొనక్కర్లేదు. చికెన్ కడిగాక, ఉప్పు కారం పసుపు అల్లం వెల్లుల్లి పట్టించే ముందే రెండు మూడు ముక్కలు తీసి పక్కన గిన్నెలో పెట్టేస్తే సగం పని అయిపోయినట్టే. మన ఇళ్లల్లో మామూలుగా ఏం చేస్తామంటే కూర అయ్యాక ఒక ముక్క తీసి కుళాయి కింద కడిగేసి, మసాలా పోయిందిలే అని పిల్లి ముందు పడేస్తాం. మసాలా పోదండీ, పైన అంటుకున్న కారం పోతుంది కానీ ఉల్లి వెల్లుల్లి రసం ముక్క లోపలికి దిగిపోయి ఉంటుంది.

ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఒంట్లో ఎర్ర రక్తకణాల్ని పాడు చేస్తాయి. వండినా, వేయించినా, ఎండబెట్టి పొడి కొట్టినా ఆ గుణం పోదు, వెల్లుల్లి అయితే ఉల్లి కంటే ఇంకా ప్రమాదం. పైగా తిన్న వెంటనే ఏం కనపడదు, కొన్ని రోజులయ్యాక పిల్లి నీరసంగా ఒక మూల పడుకోవడం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, యూరిన్ ముదురు రంగులో రావడం, ఇలా బయటపడుతుంది. అందుకే ఉల్లి వేసింది తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా అప్పుడే వెట్‌కి, అంటే పశువుల డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఇంకోటి, సూప్ ప్యాకెట్లు, చికెన్ క్యూబ్స్ వాడి బ్రాత్ (మాంసం ఉడికించిన నీళ్ల లాంటిది) చేద్దాం అనుకుంటారు కొంతమంది, వాటిల్లో మామూలుగా ఉల్లి పొడి, బోలెడు ఉప్పు ఉంటాయి కాబట్టి ఆ ఆలోచనే వద్దు. కిస్మిస్, ద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే, దగ్గరికి రానివ్వకండి.

ఇక పాలు. పిల్లి అంటే పాలు అని మనందరి బుర్రలో ఫిక్స్ అయిపోయింది కానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలల్లో ఉండే లాక్టోజ్ అరగదు, ఇష్టంగా తాగుతుంది, తర్వాత మోషన్స్. స్వీట్లయితే అసలు దండగ, పిల్లి నాలుకకి తీపి తెలీదు, ఐస్‌క్రీమ్ కోసం ఎగబడేది అందులో కొవ్వు కోసం. పిల్లికి కావాల్సింది మాంసం. కుక్కలా అన్నం పప్పుతో నెట్టుకొచ్చే ఒళ్లు కాదు దానిది. టారిన్ అని ఒక పోషకం ఉంది, అది పిల్లి తనకి సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది తక్కువైతే పిల్లుల గుండె పెద్దదై బలహీనపడిపోతోందని 1987లో అమెరికాలో యూసీ డేవిస్ యూనివర్సిటీ వాళ్లు కనిపెట్టాక క్యాట్ ఫుడ్ కంపెనీలు టారిన్ పెంచడం మొదలుపెట్టాయి. మనకి దీంతో పనేంటంటే, బ్రెస్ట్ పీస్ కంటే లెగ్ పీస్‌లో, గుండెకాయల్లో టారిన్ చాలా ఎక్కువ, ఇంకా అది నీళ్లల్లో కరిగిపోతుంది, అంటే ఉడకబెట్టిన నీళ్లు సింకులో పారబోస్తే మంచిదంతా దాంతోపాటే పోతుంది.

కాబట్టి మొదటి ట్రీట్ ఆ నీళ్లే. లెగ్ పీస్ ఒకటి, రెండు గుండెకాయలు, మునిగేంత నీళ్లు, ఉప్పు కూడా వెయ్యకుండా కుక్కర్లో మూడు నాలుగు విజిల్స్. చల్లారాక పైన తేలిన కొవ్వు తీసేసి, మాంసాన్ని ఎముక నుంచి పూర్తిగా వేరు చెయ్యాలి, ఉడికిన ఎముక చీలికలుగా విరిగి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది కాబట్టి ఎముక ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు, వేళ్లతో నలిపి చూడండి, కళ్లతో చూస్తే సరిపోదు. ఆ నీళ్లు ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్లో పెట్టేస్తే ఎండాకాలంలో ఒక్కో క్యూబ్ తీసి గోరువెచ్చగా చేసి ఇవ్వచ్చు. పిల్లులు మామూలుగానే నీళ్లు తక్కువ తాగుతాయి, డ్రై ఫుడ్ తినేవైతే మరీనూ, మగపిల్లుల్లో యూరిన్ బ్లాక్ అవ్వడం చూసినవాళ్లకి ఆ నీళ్ల విలువ తెలుస్తుంది.

వేరు చేసిన మాంసంతో బజార్లో దొరికే ఆ ట్యూబ్ ట్రీట్ లాంటిది చేస్కోవచ్చు, ప్యాకెట్ చింపి పిల్లితో నాకిస్తారు చూడండి అది. మాంసం, కొంచెం ఆ బ్రాత్, మిక్సీలో మెత్తగా పేస్ట్. ఇక్కడ ఒక్క విషయం చూస్కోవాలి, అందరిళ్లల్లో చిన్న జార్ అంటే అల్లం వెల్లుల్లి నూరే జారే, మూత లోపల రబ్బరు గాస్కెట్ ఉంటుంది కదా, అది ఊడదీసి చూస్తే సందులో ఎప్పటిదో వెల్లుల్లి ముద్ద పచ్చగా అతుక్కుని ఉంటుంది. అది తీసి బ్రష్‌తో కడిగి ఆరాకే వాడండి, లేదా జ్యూస్ జార్ వాడుకోండి. పేస్ట్ చెంచా చివర పెట్టి చూపిస్తే చాలు, గోళ్లు కట్ చెయ్యాలన్నా మందు మింగించాలన్నా దీన్ని మించిన లంచం లేదు.

కరకరలాడేవి కావాలంటే బిస్కెట్లు. ఉడికిన మాంసం 100 గ్రాములు, గుడ్డు ఒకటి, ఓట్స్ పొడి రెండు టేబుల్ స్పూన్లు, అది కూడా రుచి కోసం కాదు, ముద్ద కట్టడానికి. కలిపి బటర్ పేపర్ మీద పల్చగా పరిచి చాకుతో చిన్న చిన్న గళ్లు గీసి ఓవెన్లో 160 డిగ్రీల్లో 15 నిమిషాలు అటూ ఇటూ. ఓవెన్ లేకపోతే దళసరి పెనం మీద నూనె లేకుండా అట్టులా పరిచి మూతపెట్టి సిమ్‌లో కాల్చి, తిప్పి, చల్లారాక కోస్కోవచ్చు, కొంచెం మెత్తగా వస్తాయి కానీ పిల్లి కంప్లైంట్ చెయ్యదు. మొత్తం కలిపి దాదాపు 300 కేలరీలు, 60 ముక్కలు కోస్తే ఒక్కోటి 5 కేలరీలు అన్నమాట.

ఈ లెక్క ఎందుకంటే 4 కిలోల ఇంటి పిల్లికి రోజు మొత్తానికి 200 నుంచి 250 కేలరీలు చాలు, అందులో ట్రీట్స్ పదో వంతు దాటకూడదు. అంటే పైన చెప్పిన బిస్కెట్లు నాలుగో ఐదో, ఉడికిన చికెన్ అయితే 12, 15 గ్రాములు. మనకి అది నోట్లో వేస్కుంటే తెలీనంత, పిల్లికి అది ఎక్కువే. ఇంట్లో నలుగురుంటే నలుగురూ ఎవరికి వాళ్లు తెలీకుండా పెడతారు, పిల్లి కూడా ఎవరి దగ్గరికి వెళ్లినా పొద్దుట్నుంచి ఏం తినలేదన్నట్టే చూస్తుంది, కాబట్టి ఆ రోజు వాటా పొద్దున్నే ఒక చిన్న డబ్బాలో వేసేస్తే డబ్బా ఖాళీ అంటే ఆ రోజుకి అంతే.

చేపలు ఇష్టపడే పిల్లులకి నెత్తళ్లు బావుంటాయి. తల, పేగులు, నడుం ముల్లు తీసేసి ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పది నిమిషాలు, అంతే. పచ్చివి మాత్రం పెట్టకండి, కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, వండితే పోతుంది. హైదరాబాద్ వైపు ఎక్కువ దొరికే బొచ్చె, రవ్వల్లో కండ మధ్యలో సన్నటి వై ఆకారం ముళ్లుంటాయి, అవి తియ్యడం పెద్ద పని, వాటికంటే కొర్రమీను నయం, ముళ్లు తక్కువ. ఎండు చేపలు వాసనకి పిల్లి పిచ్చెక్కిపోతుంది నిజమే కానీ ఉప్పు పట్టించి ఎండబెడతారు కాబట్టి నా ఓటు వాటికి లేదు. చేప వారానికి ఒకట్రెండు సార్లు చాలు, అలవాటైతే ఇంకేం ముట్టుకోదు.

లివర్ గురించి ఒక మాట. పిల్లులకి ప్రాణం, చికెన్ కొట్టువాడు చవగ్గా ఇస్తాడు, అందుకే రోజూ పెట్టేస్తారు. లివర్‌లో బాగా ఉండే విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోయి నెలల తరబడి అలా సాగితే మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. వారానికోసారి, వేలి గోరంత ముక్కలు రెండు, ఉడకబెట్టి.

ఇంట్లో నీచు వండనివాళ్లకి గుడ్డు దాకా ఓకే అయితే ఉడికిన గుడ్డు నలిపి అర చెంచా పెట్టొచ్చు, పచ్చిది వద్దు. గుడ్డు కూడా రాని ఇల్లయితే మంచి రెడీమేడ్ క్యాట్ ఫుడ్ కొనుక్కోండి, అందులోదే నాలుగు గింజలు పక్కన తీసి ట్రీట్‌లా ఇవ్వండి, పిల్లిని వెజిటేరియన్ చేద్దామని మాత్రం చూడకండి.

చేసినవి ఫ్రిజ్‌లో మూడు రోజులు, ఫ్రీజర్లో నెల దాకా. కరెంట్ పోయి ఒకసారి కరిగిపోతే మళ్లీ గడ్డకట్టించకండి. ఫ్రిజ్ లోంచి తీసి చల్లగా పెడితే చాలా పిల్లులు మొహం తిప్పేస్తాయి, వాసన రాదు కదా, కాసేపు వేడినీళ్ల గిన్నెలో పెట్టి ఇవ్వండి. కొత్తది ఏదైనా ఒకటే రకం, కొంచెమే పెట్టి రెండు రోజులు చూడండి, వాంతులు, మోషన్స్, ఒళ్లు గోక్కోవడం ఉంటే ఆపెయ్యండి. కిడ్నీ సమస్య, షుగర్ ఉన్న పిల్లులకైతే డాక్టర్‌ని అడక్కుండా ఏదీ వద్దు.

ట్రీట్ రుచి మరిగి మామూలు తిండి మానేసే పిల్లులుంటాయి. ఆకలేస్తే అదే తింటుందిలే అని మొండికేసి కూర్చోకండి, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా లివర్‌కి పట్టి ప్రాణం మీదకి వస్తుంది. ట్రీట్‌ని విడిగా ఇవ్వడం ఆపేసి, పొడిలా నలిపి దాని రోజువారీ తిండి మీద చల్లండి, రోజుకి కొంచెం తగ్గిస్తూ రండి. అలా చల్లినా ఒక రోజంతా ఏం ముట్టుకోలేదంటే వెట్ దగ్గరికి తీస్కెళ్లండి.