సిజేరియన్ తర్వాత మంచం దిగడం

తేదీ ముందే ఖాయమైన సిజేరియన్ కాబట్టి సంచి తీరిగ్గానే సర్దుకున్నాను. బెంగళూరులో ఇంటికి వచ్చాక నన్ను ఏడిపించింది మంచం దిగడం. వెల్లకిలా పడుకుని నేరుగా లేవబోతే కుట్లు చురుక్కుమనేవి. ఆసుపత్రి నర్సు చూపిన పద్ధతే పనికొచ్చింది: మోకాళ్లు ముడిచి, పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, మోచేతితో పరుపును నొక్కుతూ లేవాలి. భారమంతా చేతిమీదే, పొట్టమీద కాదు. దగ్గు, తుమ్ము వస్తే చిన్న దిండును కుట్లమీద అదిమిపట్టేదాన్ని. నవ్వొచ్చినా అంతే, మా ఆయన జోకులకు కొన్నాళ్లు సెలవిచ్చాం.

కోతకు ఒరుసుకోని, నడుము పైదాకా వచ్చే నూలు లోదుస్తులు, పెద్ద ప్యాడ్లు తప్పనిసరి. సిజేరియన్ అయినా రక్తస్రావం వారాల తరబడి ఉంటుంది మరి. మలబద్ధకానికి డాక్టరు రాసిన సిరప్‌ను తక్కువ అంచనా వేయకండి.

అమ్మ బాలింత పథ్యమంటూ మంచినీళ్లు తగ్గించబోయింది. మిరియాల చారు, వెల్లుల్లి కారం సంతోషంగా తిన్నాను కానీ, పాలిచ్చేటప్పుడు వేసే దాహానికి నీళ్ల విషయంలో మాత్రం అమ్మ మాట వినలేదు. నడికట్టు డాక్టరును అడిగాకే కట్టించుకున్నాను. కోత దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించమన్నారు. బిడ్డకన్నా బరువైనదేదీ ఎత్తవద్దన్నారు కాబట్టి 20 లీటర్ల నీళ్ల క్యాను ఇప్పటికీ మా ఆయన వాటాయే.