థాయ్‌లాండ్‌లో రిటైర్మెంట్ వీసా మీద ఉంటూ ఇంటి నుంచి పని చేయదలచినవారికి

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పాతికేళ్లు ఉద్యోగం చేసి, యాభై దాటగానే స్వచ్ఛంద విరమణ తీసుకుని, చియాంగ్ మై, హువా హిన్, పట్టాయా వంటి ఊళ్లలో స్థిరపడదామనుకునేవారు మనలో ఉన్నారు. వారిలో చాలామంది పనిని పూర్తిగా వదలరు. పాత కంపెనీకి వారానికి కొన్ని గంటలు సలహాలు ఇవ్వడమో, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పడమో సాగుతూనే ఉంటుంది. అటువంటివారు ముందుగా గ్రహించవలసినది ఒకటే: రిటైర్మెంట్ వీసా పని చేయడానికి ఇచ్చేది కాదు. పని కొనసాగించే ఉద్దేశం ఉంటే ఆ సంగతి వీసా ఎంచుకునే రోజునే తేల్చుకోవాలి.

రిటైర్మెంట్ ప్రాతిపదికన ఏడాది ఉండనివ్వడానికి థాయ్ అధికారులు రెండు విషయాలు చూస్తారు. వయసు 50 నిండి ఉండాలి. థాయ్ బ్యాంకు ఖాతాలో 8,00,000 బాట్ల నిల్వ గానీ, నెలకు 65,000 బాట్ల ఆదాయం గానీ, రెండూ కలిసి ఏడాదికి 8,00,000 బాట్లు గానీ ఉండాలి. నిల్వ చూపేవారు ఆ సొమ్మును దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ, అనుమతి వచ్చాక మరో మూడు నెలల వరకూ కదపకూడదు. తరువాత కూడా అది 4,00,000 కంటే తగ్గకూడదు. మన దేశంలోనే ఓ-ఏ వీసా (రిటైరైనవారికి ఇచ్చే దీర్ఘకాల వీసా) తీసుకుని వెళ్లేవారికి ఆరోగ్య బీమా కూడా తప్పనిసరి.

ఇక పని సంగతి. విదేశీయుల ఉపాధిపై 2017లో వచ్చి 2018లో సవరణ పొందిన థాయ్ శాసనం ప్రకారం, యజమాని ఉన్నా లేకపోయినా వృత్తి నెరపడం పని కిందికే వస్తుంది. వర్క్ పర్మిట్ లేకుండా పని చేసినవారికి 5,000 నుంచి 50,000 బాట్ల వరకు జరిమానాతో పాటు దేశం నుంచి పంపివేయడం, రెండేళ్ల పాటు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోనివ్వకపోవడం కూడా ఉన్నాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని హైదరాబాద్ క్లయింటుతో మాట్లాడేవారి తలుపు ఎవరూ తట్టరని అక్కడ పాతకాపులు ధీమాగా చెబుతారు. ఆచరణలో వారి మాట చాలావరకు నిజమే కావచ్చు గానీ, ఎవరూ పట్టించుకోకపోవడం వేరు, అనుమతి ఉండడం వేరు. స్థానిక క్లయింటు దగ్గర పది రూపాయలు తీసుకున్నా, పక్కింటివారితో తగాదా వచ్చి ఫిర్యాదు వెళ్లినా ఆ ధీమా పనికిరాదు.

అందుచేత నా సలహా ఇది. నెలనెలా పని చేసి సంపాదించే ఆలోచన ఉన్నవారు 2024 జూలైలో మొదలైన డీటీవీ, అంటే డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసాను చూడాలి. దూరం నుంచి పని చేసేవారిని ఉద్దేశించే దాన్ని తెచ్చారు. అయిదేళ్లు చెల్లుతుంది, ఒక్కో రాకకు 180 రోజులు ఉండవచ్చు, 5,00,000 బాట్లకు సమానమైన నిల్వతో పాటు విదేశీ యజమానితో ఉన్న ఒప్పందమో, చేసిన పనులకు ఆధారాలో చూపాలి. వయసుకు 20 ఏళ్లు నిండితే చాలు. దీని మీద కూడా థాయ్ కంపెనీలకు పని చేయకూడదు. దరఖాస్తు థాయ్‌లాండ్ బయట నుంచే చేసుకోవాలి. అద్దెలు, పెన్షన్, వడ్డీల మీదే బతుకు సాగేవారికి మాత్రం రిటైర్మెంట్ వీసాయే సుఖం.

పన్ను విషయంలో మనవాళ్లు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు థాయ్‌లాండ్‌లో గడిపినవారు అక్కడి పన్ను నివాసులవుతారు. 2024 జనవరి 1 నుంచి విదేశాల్లో సంపాదించిన పెన్షన్, అద్దె, వడ్డీ వంటి ఆదాయాన్ని వారు థాయ్‌లాండ్‌కు తెచ్చుకుంటే దాన్ని లెక్కలో చూపాలి. అంతకు ముందు సంపాదించిన సొమ్ముకు మినహాయింపు ఉంది. అయితే థాయ్ గడ్డ మీద కూర్చుని చేసిన పనికి వచ్చే ప్రతిఫలం, ఆ డబ్బు ఏ దేశపు ఖాతాలో పడినా సరే, థాయ్‌లాండ్‌లో పుట్టిన ఆదాయమే. జీతం హైదరాబాద్ ఖాతాలోనే ఉంది కదా అన్న వాదన ఇక్కడ నిలవదు. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉన్నందున ఒకచోట కట్టినదానికి మరోచోట ఊరట దొరకవచ్చు. దీన్ని బయలుదేరకముందే ఆడిటరుతో కూర్చుని తేల్చుకోవాలి. ప్రవాస హోదా వచ్చినవారు మామూలు సేవింగ్స్ ఖాతాను ప్రవాసుల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవడం కూడా విదేశీ మారక చట్టమైన ఫెమా నిబంధనల ప్రకారం తప్పనిసరి.

ఏటా పొడిగింపుకు వెళ్లే రోజున చేయవలసిన చిన్న పని ఒకటుంది. పట్టాయా వాళ్లు జోంతియెన్ సోయి 5లో, బ్యాంకాక్ వాళ్లు చాయెంగ్ వత్తనలో ఉన్న ఇమ్మిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లే ముందు ఆ ఉదయమే బ్యాంకుకు వెళ్లి, ఓ వంద బాట్లు వేసో తీసో పాస్‌బుక్‌లో ఆనాటి తేదీ పడేలా అచ్చు వేయించుకుని, బ్యాంకు ఇచ్చే ధ్రువీకరణ లేఖను కూడా తీసుకోవాలి. నిన్నటి తేదీ మాత్రమే ఉన్న పాస్‌బుక్‌తో వెళితే వెనక్కి పంపే అవకాశం ఎక్కువ. పొడిగింపు రుసుము 1,900 బాట్లు.

ఇంటి యజమాని మీ రాకను 24 గంటల్లోగా టీఎం 30 అనే ఫారం ద్వారా ఇమ్మిగ్రేషన్‌కు తెలియజేయాలి. ఇల్లు ఖాయం చేసుకునే ముందే ఆ మాట అడిగి ఒప్పించండి. వరుసగా 90 రోజులు దేశంలో ఉన్న ప్రతిసారీ చిరునామాను తెలపాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తరువాత వరకు వెసులుబాటు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఊళ్లో పెళ్లో, చావు కబురో వచ్చి హడావిడిగా బయలుదేరవలసి వచ్చినా రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి ముందుగానే తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటకూడదు. దాటితే ఏడాది పొడిగింపు రద్దయిపోతుంది. ఒక్కసారికి 1,000 బాట్లు, ఎన్నిసార్లయినా తిరగడానికి 3,800 బాట్లు. ఏడాదిలో మూడుసార్లకు మించి ఇండియా వెళ్లే అలవాటున్నవారు రెండోదాన్ని తీసుకోవడమే మేలు.

పని వేళల విషయంలో పెద్ద చిక్కులేదు. థాయ్ సమయం మనకంటే గంటన్నర ముందుంటుంది కనుక హైదరాబాద్‌లో తొమ్మిదిన్నర మీటింగు అక్కడ పదకొండుకు వస్తుంది. ఓటీపీలు రావడానికి భారతీయ సిమ్‌ను రోమింగ్‌తో బతికించి ఉంచండి. పెన్షన్ వచ్చేవారు నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కోసం ఇండియాకు పరుగెత్తనక్కర్లేదు. బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయంలో సంతకం చేయించుకుని పంపవచ్చు.