తీగలు ఎత్తయ్యాయని ట్రస్ రాడ్ తిప్పకండి

ఎండలు పోయి తేమ పెరిగిందంటే ఎలక్ట్రిక్ గిటార్ నెక్, అంటే తీగల కింద వేళ్లు నొక్కే పొడుగాటి చెక్క, ఎంతో కొంత కదులుతుంది. వేసవిలో హాయిగా పలికిన తీగలు ఎత్తుగా అనిపిస్తాయి, లేదంటే తీగ ఎక్కడో తగిలి జుయ్‌మనే బజ్ మొదలవుతుంది. పోయిన వారం మా వీధిలో ఇంటర్ కుర్రాడొకడు తీగలు దించుదామని ట్రస్ రాడ్, అంటే నెక్ లోపలుండే లోహపు కడ్డీ, బిగిస్తూ పోయాడు. రాడ్ చివరి నట్ లోపలి మూలలు అరిగిపోయి, ఇప్పుడు దాన్ని తిప్పే అలెన్ కీ ఊరికే గిర్రున తిరుగుతోంది. రిపేరుకి అడిగిన డబ్బుతో అలాంటి గిటారే ఇంకోటి వస్తుంది.

ట్రస్ రాడ్ ఉన్నది నెక్ వంపు సరిచేయడానికి. తీగల ఎత్తు తగ్గించడానికి కాదు. 10-46 సెట్ (సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) మామూలు ట్యూనింగ్‌లో నెక్‌ని దాదాపు 45 కిలోల బలంతో లాగుతుంది, దానికి ఎదురు నిలిచేది ఈ కడ్డీ. ఎత్తు కోసం బ్రిడ్జ్ మీద, తీగలు ఆనే శాడిల్స్‌కి స్క్రూలున్నాయి.

ముందు కొలవండి. ట్యూన్ చేసి, మొదటి ఫ్రెట్‌కి (నెక్ మీది అడ్డ లోహపు గీత) క్యాపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్, పెట్టి, లావు తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఎనిమిదో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు 0.25 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటే నెక్ బాగానే ఉన్నట్టు. రాడ్ జోలికి పోవద్దు. సందు మరీ ఎక్కువైతే తీగలు కాస్త వదులు చేసి, రాడ్ నట్‌ని గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పండి. అంతే. మళ్లీ ట్యూన్ చేసి మర్నాడు చూడండి, చెక్క సర్దుకోవడానికి టైం పడుతుంది.

కీ సైజు చూసుకోండి. 1/8 అంగుళం నట్ అంటే 3.175 మిల్లీమీటర్లు. అందులో 3 మిల్లీమీటర్ల కీ దూరుతుంది, పట్టినట్టే ఉంటుంది, మూలలు తినేస్తుంది.

రాడ్ గట్టిగా ఉంటే ఆపేయండి. ప్లయర్స్ తీయొద్దు.

బజ్ ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) వినిపించకపోతే వదిలేయండి.

ఇంటొనేషన్, అంటే నెక్ పొడుగునా స్వరం సరిగ్గా పలికేలా శాడిల్స్ జరపడం, చివర్లో, కొత్త తీగల మీదే.

స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్ అయితే తీగలన్నీ ఒకేసారి పీకొద్దు.

తీగ వదులు చేశాకే కత్తిరించండి. ముఖం పక్కకి.

ఫ్రెట్లని స్టీల్ ఊల్‌తో రుద్దేముందు పికప్‌లకి (తీగల కింద శబ్దం అందుకునే అయస్కాంతపు భాగాలు) టేప్ వేయండి, పొడంతా అయస్కాంతాలకి అతుక్కుంటుంది.

మూడు పిన్నుల ఆంప్‌ని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టొద్దు! తీగలు ఆంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు లోపల కరెంటు లీకైతే అది వచ్చేది మీ వేళ్లకే.

వాల్వ్ ఆంప్ (గాజు వాల్వులతో పనిచేసేది) మూత అసలు విప్పొద్దు. ప్లగ్ పీకినా, కరెంటు దాచుకునే కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.

రాడ్ తిప్పుతుంటే టక్కుమని తేలికైపోయిందా? తీగలు దించేసి, ఇంకేమీ ముట్టుకోకుండా రిపేరు చేసేవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లండి.